పాఠాలు లోపల, పాటలు అంచున

దర్శి బస్టాండు ఎదురు కాంప్లెక్సులో నా కంప్యూటర్ సెంటరు ఉండేది. పక్క గదిలో ఎస్టీడీ బూతు. మధ్యలో ఒంటి ఇటుక గోడ. మిరపకాయల లారీలు గుంటూరు యార్డుకి పోయే రోజుల్లో ఆ ఘాటుకి గోడకి అటు బూతు నడిపే ఆయనా ఇటు నేనూ ఒకేసారి తుమ్మేవాళ్ళం.

షాపు తెరిచిన మొదటి రోజే ఆయన తన గుమ్మంలోంచి పలకరించారు. "చెల్లెమ్మా, నీ షట్టరు కుడి పక్క తుప్పు పట్టింది. రెండు చుక్కలు నూనె పొయ్యి." చూసి చెప్పిన మాట కాదు, విని చెప్పిన మాట. చిన్నప్పుడు తట్టు పోసి జ్వరం వస్తే, జ్వరం పోతూ పోతూ చూపు తీసుకుపోయిందట. ఫోను మీటరు ఎన్నిసార్లు టిక్కుమందో విని బిల్లు చెప్పేవారు. ఊళ్ళో కొందరు ఆయన్ని "బూతు అన్న" అనేవాళ్ళు. "ముందు ఎస్టీడీ అని చేర్చండయ్యా, వినేవాళ్ళు ఏమనుకుంటారు!" అని ఆయన కేకలేసేవారు. అలా ఎస్టీడీ అన్న అయ్యారు. వాళ్ళది ఎప్పటినుంచో దర్శిలోనే ఉన్న ముస్లిం కుటుంబం. మాది పక్క పల్లెలో పొగాకు, మిరప వేసే ఇల్లు. వరస ఏమీ లేకపోయినా ఆయన నాకు అన్న, వాళ్ళావిడ వదిన.

సెంటరు పెట్టిన రెండో ఏడు అనుకుంటాను, ఒక పొద్దున అన్న గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నా బల్ల మీద ఒక గోనె సంచి పెట్టారు. దాని నిండా క్యాసెట్లు.

"ఇదంతా నీ పళ్ళేల్లోకి ఎక్కించొచ్చంట కదా?"

ఆయన దృష్టిలో సీడీలు పళ్ళేలు. విషయమేమిటంటే ఆయన దూరవిద్యలో బి.ఏ. కడుతున్నారు. హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివారు, తర్వాత బూతు వచ్చింది, చదువు ఆగింది. మళ్ళీ ఇన్నాళ్ళకి ఆశ పుట్టింది. పుస్తకాలు వచ్చాయి గానీ చదివిపెట్టేవాళ్ళు కావాలి. వదిన పదో తరగతి దాకా చదువుకుంది. ఇంటి పని చేసుకుంటూ, సందు దొరికినప్పుడల్లా టేప్ రికార్డరు ముందు కూర్చుని పాఠాలు చదివి పెట్టింది. పరీక్షలు దగ్గర పడుతున్నాయనగా ఆ టేప్ రికార్డరు ఒక క్యాసెట్టుని నమిలేసింది. రాజనీతిశాస్త్రం సగం దాని పొట్టలోకి పోయింది.

"మిగతావన్నా మిగలాలి," అన్నారాయన.

క్యాసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించడానికి దగ్గర దారి లేదు. టేపు ఎంతసేపు ఉంటే అంతసేపూ పాడనివ్వాలి. అది పాడుతుంటే నేను వింటూ నా టైపింగు పని చేసుకునేదాన్ని. అలా నేను వదిన ముఖం చూడకముందే ఆవిడ గొంతుతో కాపురం చేశాను. పుస్తకం భాషలో గంభీరంగా పోతూ పోతూ ఉన్నట్టుండి, "హరప్పా ప్రజలు కాల్చిన ఇటుకలతో... ఏయ్, పిల్లి! పాలగిన్నె మీద మూత పెట్టండి అత్తా... ఇటుకలతో ఇళ్ళు కట్టుకున్నారు" అనేది. ఎవరైనా రాజు తమ్ముణ్ణి చంపి గద్దె ఎక్కితే, "వీడి చేతులు పడిపోను" అని, పాఠం చదివిపెట్టేవాళ్ళకి ఉండాల్సిన నిష్పాక్షికత మర్చిపోయి తిట్టేది. వెనకాల కుక్కరు కూతలు, కూరగాయలాయన అరుపులు, మధ్యాహ్నం అజాన్. "ఇక్కడ ఆపుతున్నా, నమాజు చేసుకుని వస్తా" అనేది, తర్వాత టక్ మని బటన్ చప్పుడు.

నేను కొత్తగా నేర్చుకున్న విద్య అంతా చూపించాలని, పిల్లి నుంచి కూరగాయలాయన దాకా అన్నీ కత్తిరించేశాను. పాఠం మాత్రం మిగిల్చి, శుభ్రమైన డిస్కు చేసి ఇచ్చాను. మర్నాడు ఆయన వచ్చి నిలబడ్డారు.

"పాఠం బాగానే ఉందమ్మా. మా ఇల్లు ఏది?"

"ఏంది అన్నా?"

"కుక్కరూ, అజానూ, కూరగాయలాయనా! వాటితోనే గదా పాఠంలో నేను యాడున్నానో తెలిసేది. ఉప్పు సత్యాగ్రహం నడక మొదలైనప్పుడు కుక్కరు మొదటి కూత. సముద్రం ఒడ్డుకి చేరేటప్పటికి మా ఇంట్లో అన్నం ఉడికిద్ది. నీకు పేజీ నంబరు ఎట్టాగో నాకు అది అట్టాగ."

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. కత్తిరించినవన్నీ తిరిగి అతికించాను. పిల్లిని కూడా.

అప్పటికి చప్పుడు సంగతి తేలింది గానీ వరస సంగతి మొదలైంది. ఆయన దగ్గర ఒంగోలులో కొన్న చైనా ప్లేయరు ఉంది. ముందుకి జరిపే బటన్ని ఎన్నిసార్లు నొక్కాలో లెక్క పెట్టుకుని కావాల్సిన పాఠానికి పోతారు. నేను ఫైళ్ళకి ఒకటి, రెండు అని అంకెలు పెట్టాను. అంకెల్ని కూడా అక్షరాల్లా పేర్చే కంప్యూటరు లోకంలో ఒకటి తర్వాత రెండు కాదు, పది వస్తుందని అప్పటికి నా బుర్రకి ఎక్కలేదు.

"సింధు నాగరికత అవగానే తెల్లవాళ్ళు ఓడలు దిగారు చెల్లెమ్మా," అన్నారు అన్న గోడవతల నుంచి. "మధ్యలో ఉండే రాజులంతా ఏమైపోయారు?"

అంకెల ముందు సున్నాలు చేర్చాను. నా కంప్యూటర్లో వరస చక్కగా ఉంది. ఆయన ప్లేయర్లో మళ్ళీ గందరగోళమే. ఆ ప్లేయరు పేర్లు చూసే రకం కాదు. డిస్కు మీద ఏది ముందు రాసి ఉంటే దాన్ని ముందు పాడుతుంది. దానికీ కళ్ళు కనిపించవన్నమాట, తడుముకుంటూ పోతుంది. పేరు ఏదైనా, రాసిన చోటే దానికి ముఖ్యం.

రాసిన చోటు మన చేతిలో ఉంటుందా? చాలామందిని అడిగాను. డిస్కు రాసే ప్రోగ్రాము తన ఇష్టం వచ్చినట్టు సర్దుకుంటుందనీ, మనకెందుకనీ అన్నారు. ఒక మధ్యాహ్నం కరెంటు ఉండీ గిరాకీ లేని అదృష్ట సమయంలో ఆ ప్రోగ్రాములో కనిపించిన ప్రతి బటనూ నొక్కుతూ కూర్చున్నాను. ఫైలు మీద కుడి బటన్ నొక్కి లోపలికి పోతే ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ఈ ఫైలు ఎంత ముఖ్యం? డిస్కులో లోపలి వైపు పెట్టాలా, బయటి అంచు వైపు పెట్టాలా? రెండూ మనమే చెప్పొచ్చు. నేను కుర్చీలోంచి లేచి గోడ మీద దబదబా కొట్టాను.

"ఏందమ్మా, పామా?" అని అరిచారు అవతల నుంచి.

"దొరికింది అన్నా! వరస దొరికింది!"

ఆ రోజు రాసిన డిస్కులో రాజులంతా తమ తమ కాలాల్లో బుద్ధిగా నిలబడ్డారు. అన్న ప్లేయరు బటన్ నొక్కుతూ, ఒక్కొక్క పాఠం మొదటి మాట విని, సంతోషంతో తొడ చరుచుకున్నారు. ఫోను చేసుకోవడానికి వచ్చిన పత్తి రైతు ఒకాయన, "ఎవరిదన్నా పెళ్ళి కుదిరిందా?" అని అడిగాడు.

వారం తిరక్కుండానే ఇంకో పేచీ. డిస్కులో చివరి పాఠాలు తడబడుతున్నాయి. వదిన "గ... గ... గణతంత్ర" అంటూ నత్తి కొడుతోంది. డిస్కు తీసి దీపం కింద తిప్పి చూస్తే కారణం కనిపించింది. డిస్కు మీద రాత నడిమి చిల్లు దగ్గర మొదలై అంచు వైపుకి పోతుంది. అన్న అంచులు పట్టుకుని, మిరప దుమ్ము పడిన వేళ్ళతో తడిమి, లుంగీతో తుడిచి ప్లేయర్లో పెడతారు. గీతలన్నీ అంచు దగ్గరే ఉన్నాయి. దానికి తోడు ఎండాకాలం ఓల్టేజీ సరిగా లేనప్పుడు ఆ ప్లేయరు అంచుదాకా పోయేసరికి నీరసపడేది. లోపలి భాగం మాత్రం అద్దంలా ఉంది.

"లుంగీతో తుడవొద్దు అన్నా," అన్నాను.

"సరేలే. మళ్ళీ తుడుస్తా, నా సంగతి నాకు తెలుసు. వేరే మార్గం చెప్పు."

మార్గం అప్పటికే చేతిలో ఉంది. ముఖ్యమైన పాఠాలు లోపల, పోయినా ఫర్వాలేనివి అంచున. "అంచున ఏం పెడదాం?" అంటే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పాటలు పెట్టు. పాట గెంతితే మనం కలుపుకుని పాడుకోవచ్చు. పాఠం గెంతితే మార్కు పోద్ది."

మరి పాఠాల్లో ముఖ్యమైనవి ఏవి? ఆ మాట తేల్చడానికి కూర్చున్న మధ్యాహ్నమే వదిన ఆయనకి అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. అన్నాళ్ళూ ఆ గొంతుని బట్టి నిలువెత్తు మనిషిని ఊహించుకున్నాను. వచ్చింది నా భుజందాకా వచ్చే సన్నపాటి మనిషి. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, గుమ్మంలో నిలబడి క్యారియరు గిన్నెలు విప్పుతోంది.

"ఆధునిక చరిత్ర మొత్తం లోపల పెట్టు," అన్నారు అన్న నాతో. "రాజనీతిశాస్త్రం అంచుకి నెట్టు."

"ఎందుకు నెట్టడం?" అంది వదిన, గిన్నె మీద నుంచి తలెత్తకుండానే. "ఆధునిక చరిత్రలో మొదటి మూడు పాఠాలు మీకు నోటికొచ్చు, నిద్రలో కూడా అంటుంటారు. వాటిని అంచున పెట్టినా నష్టం లేదు. సమాఖ్య వ్యవస్థ లోపల ఉండాల. పాత ప్రశ్నపత్రాలు చదివి పెట్టమన్నారుగా, అందులో అది ఒకసారి వదిలి ఒకసారి వస్తావుంది. పోయినసారి రాలేదు. న్యాయశాఖ పాఠంలో రిట్లు మీరు ఎప్పుడూ కలగాపులగం చేస్తారు, అది అన్నిటికంటే ముందుండాల."

"నేనేం కలగాపులగం చేస్తా?"

"హెబియస్ కార్పస్ అంటే ఏంది, మాండమస్ అంటే ఏంది, చెప్పండి."

అన్న మొదలుపెట్టి, మధ్యలో ఆగి, రెండోదాన్ని మొదటిదానికి తగిలించారు. ఆవిడ రెండింటినీ విడదీసి, మిగతా మూడింటిని కూడా చెప్పేసి, "పప్పు చల్లారిపోతుంది, తినండి" అంది.

నేను మౌస్ వదిలేసి వింటున్నాను. అన్న చేయి గిన్నె మీదే ఆగిపోయింది.

"నువ్వు చదువుతున్నావనే అనుకున్నా," అన్నారు నెమ్మదిగా. "చదువుకుంటున్నావని నాకు తెలీదు."

"నోరు చదివేటప్పుడు చెవి ఊరుకుంటదా?" అంది వదిన.

"నువ్వూ కట్టు పరీక్షకి."

"బజారులో అట్టాంటి మాటలు అనబాకండి. నవ్వుతారు." ఆవిడ ముసుగు సర్దుకుని, ఖాళీ క్యారియరు కోసం కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

డిస్కు మాత్రం ఆవిడ చెప్పిన వరసలోనే రాశాను. రిట్లు నడిమధ్య చిల్లు పక్కన, అన్నిటికంటే భద్రమైన చోట. ఆ ఏడు పరీక్షలో సమాఖ్య వ్యవస్థ వచ్చింది. ఆయన ముఖ్యమన్నదీ ఒకటి వచ్చింది. ఒక ఇంటర్ కుర్రాడు పక్కన కూర్చుని ఆయన చెప్పింది రాసిపెట్టాడు. మొదటి సంవత్సరం గట్టెక్కారు.

ఫలితాలు వచ్చిన తర్వాత ఒక రోజు, అన్న ఏదో పని మీద ఒంగోలు వెళ్ళారు. బూతులో వదిన కూర్చుంది. కాసేపటికి నా గుమ్మంలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇంటర్ లేకపోయినా అదేదో అర్హత పరీక్ష రాసి చేరొచ్చంటగా. ఆ సంగతి ఏంది?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వివరాలన్నీ చెప్పి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి దరఖాస్తు నింపించాను. "ఆయనకి చెప్పబాకు. తప్పితే నవ్వుతారు" అని ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేశాను గానీ, మర్నాటి నుంచి మేమిద్దరం నా షాపులో గుసగుసలాడుకుంటూ లెక్కలు చేస్తుంటే అవతల ఉన్నది ఎవరి చెవులో మర్చిపోయాం. తర్వాత తెలిసింది, ఆయన మొదటి రోజే విన్నారట. వినీ, నెల దాకా ఏమీ ఎరగనట్టు ఉన్నారట. పైగా మేం లెక్క తప్పు చేసినప్పుడల్లా అవతల గట్టిగా దగ్గేవారు. మేము మిరప ఘాటు అనుకున్నాం.

చివరికి ఆగలేక ఆయనే బయటపడ్డారు. ఒక ఆదివారం నా షాపుకి వచ్చి, "మైకు పెట్టు చెల్లెమ్మా" అన్నారు.

ఇంటి పని చేసుకుంటూ వదిన చరిత్ర, పౌరశాస్త్రం మళ్ళీ వినాలంటే తన గొంతే వినాలి. "నా గొంతు వింటే నాకే నిద్రొస్తంది" అని ఇంట్లో అంటోందట. అందుకని ఆయన తనకి కంఠతా వచ్చిన పాఠాలన్నీ తన గొంతుతో చెప్పడానికి వచ్చారు. పుస్తకం లేదు, చూసేది లేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఫోనులో దూరపు ఊరివాళ్ళతో మాట్లాడేటంత గట్టిగా చెప్పుకుంటూ పోయారు. ఆవిడ పాఠాల్లో ఎక్కడ తిట్టిందో ఆ రాజుని ఈయనా అక్కడే తిట్టారు, అదీ పాఠంలో భాగమే అన్నట్టు. అన్నీ అయ్యాక గొంతు సవరించుకుని ఒక పాత పాట పాడారు. శ్రుతి అంత బాగా లేదు. ఆయన ముఖం మాత్రం చాలా బాగుంది.

"పాట అంచునే కదా అన్నా?" అన్నాను.

"కాదు. ఈ ఒక్క పళ్ళానికి పాట మొదట పెట్టు. గీత పడని చోట."

వదిన ఆ డిస్కు పెట్టుకుని మొదటి పాట విన్నప్పుడు ఏమందో నాకు తెలియదు. మర్నాడు వచ్చినప్పుడు నా ముఖం వైపు చూడకుండా, "ఆయనకి నువ్వన్నా చెప్పొద్దా, పాడొద్దని" అంది. అర్హత పరీక్ష పాసయింది. బి.ఏ.లో చేరింది. అన్న మూడో సంవత్సరంలో ఉండగా ఆవిడ మొదటి సంవత్సరం. ఇంట్లో పొద్దస్తమానం ఇద్దరి గొంతులు, ఇద్దరి పాఠాలు. వాళ్ళత్తగారు నా దగ్గరికి వచ్చి, "మా ఇంట్లో రేడియోకి ఆపే బటన్ లేదమ్మా" అని మొర పెట్టుకుంది.

ఈలోగా మాకు తెలియకుండా ఇంకొకటి జరిగింది. ఒంగోలులో దూరవిద్య తరగతులకి పోయినప్పుడు అన్న పక్కన ఒక చూపులేని కుర్రాడు కూర్చున్నాడు. పాఠాల సంగతి తెలుసుకుని డిస్కులు అడిగితే అన్న ఇచ్చారు. ఆ కుర్రాడు తన హాస్టల్లో వాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళు కాపీ చేయించుకుని ఇంకొకళ్ళకి ఇచ్చారు. దర్శి దాటి, ఒంగోలు దాటి, వదిన గొంతు ఎక్కడిదాకా పోయిందో మాకెవరికీ అంతు తెలియదు.

పరీక్షలకి ఒంగోలు వెళ్ళాం. అన్నకీ వదినకీ ఒకే కాలేజీలో సెంటరు పడింది. నాకు ఖాళీ డిస్కులు కొనే పని ఉండి వాళ్ళ వెంట పోయాను. ఎండ మాడ్చేస్తోంది. వరండా మెట్ల మీద చేతికర్రలతో కుర్రాళ్ళు నలుగురు కూర్చుని ఏదో వల్లె వేసుకుంటున్నారు. వదిన అటు పోతున్న ప్యూనుని ఆపి, తన మామూలు గొంతుతో గట్టిగా అడిగింది. "ఏమండీ, మంచినీళ్ళు యాడున్నాయి?"

మెట్ల మీద వల్లె వేయడం ఆగిపోయింది. నాలుగు తలలు ఒకేసారి ఇటు తిరిగాయి. వాళ్ళలో ఒకడు లేచి నిలబడ్డాడు.

"అక్కా... మీరు పాఠాల అక్క కదూ?"

వదినకి అర్థం కాలేదు. నా వైపు చూసింది.

"కాల్చిన ఇటుకల అక్క!" అన్నాడు రెండోవాడు. "ఆ గొంతే రా! నేను చెప్పలా?"

నలుగురూ కర్రలు పట్టుకుని మా చుట్టూ చేరారు. ఎవరు ఏ పాఠం ఎన్నిసార్లు విన్నారో చెప్పాలని తొందర. ఒకడు ఎంతో మర్యాదగా అడిగాడు. "మీ పిల్లి బాగుందా అండీ?"

వదిన నవ్వింది. నవ్వుతూనే ముసుగు చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడుస్తోందని చూపున్న నాకంటే ముందు వాళ్ళకే తెలిసింది. "అక్కా, ఏడవబాకండి, పరీక్ష ఉంది" అన్నాడు లేచి నిలబడ్డవాడు. అన్న పక్కన నిలబడి చేతులు కట్టుకుని, "నా కోసం చదివించుకుంటే జిల్లా అంతా పంచుకున్నార్రా మీరు!" అని కసిరారు. కసురు కేవలం పైకే. ఆ తర్వాత బెల్లు కొట్టేదాకా ఆవిడ మంచినీళ్ళ సంగతి మర్చిపోయి, మెట్ల మీద వాళ్ళ మధ్యన కూర్చుని రిట్లు అప్పజెప్పించుకుంది.

అన్న ఆ ఏడే డిగ్రీ పూర్తి చేశారు. వదినకి ఇంగ్లీషు ఒక ఏడు ఎక్కువ పట్టింది. మిగతా అన్నిట్లోనూ ఆయనకంటే మంచి మార్కులు వచ్చాయి. ఆ మాట బస్టాండులో ఆగిన ప్రతి బస్సు డ్రైవరుకీ అన్నే చెప్పారు. ఈలోగా ఊరందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి, బూతు ముందు వరసలు ఆగిపోయాయి. కొన్నాళ్ళు అక్కడే రీచార్జి కూపన్లు అమ్మారు. తర్వాత బి.ఇడి. చేసి, ఒంగోలు దగ్గర చూపులేని పిల్లల బడిలో సాంఘికశాస్త్రం చెప్పే పని తెచ్చుకున్నారు. ఇల్లు అక్కడికి మార్చారు. ఆ పక్కనే ఒక ప్రైవేటు స్కూల్లో వదిన టీచరుగా చేరింది.

నా సెంటరు ఇంకొన్నేళ్ళు నడిచింది. డిస్కులు రాయించుకునేవాళ్ళు తగ్గి, పెన్‌డ్రైవులు వచ్చి, పాటలు ఫోనుల్లోకే పోతున్న రోజుల్లో ఒంగోలు వెళ్ళినప్పుడు వాళ్ళింటికి పోయాను. సాయంత్రం. వదిన హాల్లో చాప మీద కూర్చుని తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతోంది. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. అన్న ఉప్మా చేస్తున్నారు.

"ఆయన చేస్తారా వంట?" అన్నాను ఆశ్చర్యపోయి.

"దిద్దే పత్రాలు నావి, ఆకలి ఇద్దరిదీ," అంది వదిన పెన్ను ఆపకుండా. "కూర్చో. జీడిపప్పు డబ్బా ఆయనకి అందకుండా దాచా, లేకపోతే అంతా అందులోనే పోస్తారు."

"విన్నాలే!" అన్నారు అన్న లోపల్నుంచి. "డబ్బా కూడా దొరికింది."